ఆమె పక్కన నడిచిన మనిషి

1999 మే 2, ఆదివారం. అంకారాలో కొత్త పార్లమెంటు కొలువుదీరిన రోజు. 550 మంది సభ్యులు ఒక్కొక్కరుగా వేదిక దగ్గరికి వెళ్లి ప్రమాణం చేయాలి. స్పీకరు ఎన్నిక ఇంకా జరగలేదు కాబట్టి, సభలో అందరికంటే పెద్ద వయసున్న అలీ రిజా సెప్తియోలు తాత్కాలికంగా అధ్యక్షస్థానంలో కూర్చున్నారు. పేరు పిలుస్తున్నారు, సభ్యుడు లేస్తున్నాడు, అందరూ చదివిన ఆ నాలుగు మాటలే తానూ చదివి వచ్చి కూర్చుంటున్నాడు. మామూలుగా అయితే ఆ తంతు ఎవరికీ గుర్తుండదు. ఆ రోజు మాత్రం సభలో అందరి మనసూ తలుపు మీదే ఉంది. ఏప్రిల్ 18న ఎన్నికలు ముగిసినప్పటి నుంచి టర్కీ పత్రికల్లో ఒకటే చర్చ: ఆమె వస్తుందా? వస్తే ఎలా వస్తుంది?

ఆమె వచ్చారు. ముదురు నీలం రంగు సూటు, తలకు అదే రంగు స్కార్ఫ్. పేరు మెర్వె కవాక్చి. వయసు 30. చదివింది కంప్యూటర్ ఇంజనీరింగ్. ఇస్తాంబుల్ ఓటర్లు ఫజిలెత్ పార్టీ తరఫున గెలిపించి పంపిన సభ్యురాలు. ఆమె పక్కన ఇంకో మహిళ నడుస్తున్నారు. ఆమె కూడా అదే పార్టీ, అదే నగరం నుంచి గెలిచినవారు. 54 ఏళ్ల నాజ్లి ఇలిజాక్, పేరున్న పాత్రికేయురాలు. ఆమె తల మీద ఏమీ లేదు. జీవితంలో ఎన్నడూ స్కార్ఫ్ కట్టుకునే అలవాటు లేని మనిషి.

ఇద్దరూ వెళ్లి తమ స్థానాల్లో కూర్చునేలోపే చప్పట్లు మొదలయ్యాయి. స్వాగతం పలికే చప్పట్లు కావవి. డెమొక్రటిక్ లెఫ్ట్ పార్టీ సభ్యులు లయబద్ధంగా చేతులు చరుస్తూ, బల్లలు గుద్దుతూ, "బయటికి! బయటికి!" అని కేకలు పెట్టారు. ఆ పార్టీకి సభలో 136 మంది ఉన్నారు. అందరికంటే పెద్ద పార్టీ అదే. ఆ హోరు తగ్గలేదు, పెరిగింది. నీలం స్కార్ఫ్ కట్టుకున్న ఆ 30 ఏళ్ల మనిషి కుర్చీలో నిటారుగా కూర్చుని ఎదురుగా చూస్తూ ఉండిపోయారు.

అప్పుడు ప్రధాని బులెంత్ ఎజెవిత్ వేదిక ఎక్కారు.

ఆయన గురించి తెలుగు పాఠకులకు ఒక మాట చెప్పాలి. ఎజెవిత్ మోటు రాజకీయ నాయకుడు కాదు. కవి. కుర్రతనంలోనే రవీంద్రుడి గీతాంజలిని టర్కిష్‌లోకి అనువదించినవారు. భగవద్గీత మీద ఇష్టంతో సంస్కృతం కొంత నేర్చుకున్నవారు. అవినీతి మరక లేనివారు. సైన్యం అధికారం లాక్కున్న రోజుల్లో జైలు చూసినవారు. అలాంటి మనిషి ఆ రోజు మైకు ముందు నిలబడి చెప్పిన మాటల సారం ఇది: ఆడవాళ్ల వేషధారణలో, వారి సొంత జీవితంలో ఎవరూ జోక్యం చేసుకోరు, కానీ ఇది ఎవరి ఇల్లూ కాదు, రాజ్యానికి అత్యున్నత సంస్థ, ఇక్కడ పని చేసేవారు రాజ్యం నియమాలకు, సంప్రదాయాలకు కట్టుబడాలి, రాజ్యాన్ని సవాలు చేసే చోటు కాదిది. చివరగా అధ్యక్షస్థానం వైపు తిరిగి, దయచేసి ఈ మహిళకు ఆమె హద్దేమిటో తెలియజెప్పండి అన్నారు.

సభ వాయిదా పడింది. మెర్వె కవాక్చి ప్రమాణం చేయలేదు. ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా ఎన్నడూ చేయలేకపోయారు.

ఆమె చేయడానికి వచ్చిన ప్రమాణం ఏమిటో కూడా చెప్పుకోవాలి. టర్కీ రాజ్యాంగం 81వ అధికరణ ప్రకారం ప్రతి సభ్యుడూ ప్రజాస్వామ్య, లౌకిక గణతంత్రానికీ దాని స్థాపకుడు అతాతుర్క్ సూత్రాలకూ కట్టుబడి ఉంటానని దేశం ముందు చెప్పాలి. స్కార్ఫ్ కట్టుకున్న మహిళ లౌకికత్వానికి కట్టుబడతానని చెప్పడానికే ఆ మెట్లెక్కి వచ్చారు. ఆ మాట ఆమె నోటి నుంచి రాకముందే లౌకికత్వం పేరు మీద ఆమెను పంపించేశారు.

మరి నియమం సంగతి? సభా నిబంధనల్లో దుస్తుల గురించి ఉన్నది 56వ నిబంధన. మహిళలు సూటు ధరించాలని అందులో ఉంది. తల మీద ఏం ఉండకూడదో ఒక్క మాట లేదు. ఎజెవిత్ చెప్పిన సంప్రదాయం ఉన్న మాట నిజం, రాసి పెట్టిన నిషేధం మాత్రం ఆ పుస్తకంలో లేదు.

అదే రోజు అదే సభలో ఇంకో దృశ్యం ఉంది. నేషనలిస్ట్ మూవ్‌మెంట్ పార్టీ తరఫున అంతాల్యా నుంచి గెలిచిన డాక్టర్ నెస్రిన్ ఉనాల్ బయట స్కార్ఫ్ కట్టుకునేవారు. ఎన్నికల ప్రచారమూ అలాగే చేశారు. సభ గుమ్మం దగ్గర దాన్ని తీసేసి లోపలికి వచ్చి ప్రమాణం చేశారు. సభ చప్పట్లు కొట్టింది. ఈసారి మెచ్చుకోలు చప్పట్లు. 550 మందిలో పాతికమంది కూడా లేని మహిళా సభ్యుల్లో ఇద్దరి విలువను ఒకే సాయంత్రం వాళ్ల జుట్టు కనబడుతోందా లేదా అన్నదాన్ని బట్టి తేల్చేశారు. ఉనాల్‌ను తప్పుపట్టను. ఆమె నిర్ణయం ఆమెది. కానీ ఆ నిర్ణయం తీసుకోవాల్సిన పరిస్థితిలోకి ఆమెను నెట్టినవారు చప్పట్లు కొట్టడం చూస్తే మాత్రం కడుపు రగులుతుంది.

ఈ కోపానికి ముందు ఆ చప్పట్ల వెనక ఉన్న భయాన్ని కూడా చూడాలి. అది దొంగ భయం కాదు.

1990 అక్టోబర్‌లో అంకారాలో బహ్రియే ఉచోక్ అనే ప్రొఫెసర్ ఇంటికి ఒక పార్సిల్ వచ్చింది. ఆమె ఇస్లాం చరిత్ర చదివిన పండితురాలు, ఒకప్పుడు పార్లమెంటు సభ్యురాలు. తల కప్పుకోవడం ఇస్లాంలో తప్పనిసరి కాదని బహిరంగంగా వాదించినవారు. పార్సిల్ విప్పగానే బాంబు పేలి చనిపోయారు. 1993 జనవరిలో పరిశోధక పాత్రికేయుడు ఉగుర్ ముంజును కారు బాంబుతో చంపేశారు. అదే ఏడాది జులై 2న శివాస్ పట్టణంలో పీర్ సుల్తాన్ అబ్దాల్ ఉత్సవానికి కవులు, గాయకులు, కుర్రకారు వచ్చారు. చాలామంది అలెవీలు, అంటే టర్కీలోని అల్పసంఖ్యాక ముస్లిం శాఖవారు. రష్దీ 'సటానిక్ వర్సెస్'లోని భాగాలను పత్రికలో వేయించిన రచయిత అజీజ్ నెసిన్ కూడా వారిలో ఉన్నారు. శుక్రవారం నమాజు తర్వాత గుంపు కదిలి వారు దిగిన మదిమాక్ హోటల్‌ను చుట్టుముట్టి నిప్పు పెట్టింది. ఉత్సవానికి వచ్చిన 33 మంది, హోటల్ ఉద్యోగులు ఇద్దరు చనిపోయారు. నెసిన్ ప్రాణాలతో బయటపడ్డారు. పోలీసులు, సైనికులు ఉన్న ఊళ్లో గంటల తరబడి జరిగిన దారుణం అది.

1996లో నెజ్మెత్తిన్ ఎర్బకాన్ ప్రధాని అయ్యారు. టర్కీ గణతంత్రంలో ఇస్లామిక్ రాజకీయాల నుంచి వచ్చిన తొలి ప్రధాని. తాము కోరే వ్యవస్థ నెత్తురుతో వస్తుందా నెత్తురు లేకుండా వస్తుందా అని అంతకుముందు ఆయన చేసిన ప్రసంగాన్ని లౌకికవాదులెవరూ మరచిపోలేదు. కాబట్టి 1999లో బల్లలు గుద్దినవారిలో ప్రతి ఒక్కరూ అహంకారంతో గుద్దారనుకోను. శివాస్‌లో తమవాళ్లను పోగొట్టుకున్నవారికి ఆ నీలం గుడ్డ ఒక మనిషి విశ్వాసంగా కనబడలేదు, ఒక దండు జెండాలా కనబడింది. రాజకీయ ఇస్లాం వల్లే ఆ చూపు ఏర్పడింది. దేవుడి పేరుతో రాజ్యాధికారం కోరేవాళ్లు సాధారణ భక్తుల మీద వేసే భారం అది. ఎవరో చేసిన బెదిరింపుకి స్కార్ఫ్ కట్టుకున్న పిల్ల జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

అయినా జవాబు అడిగింది హంతకులను కాదు, ఆ పిల్లనే. తప్పు అక్కడ జరిగింది.

ఆ తప్పు వేళ్లు చాలా లోతున ఉన్నాయి. 1924 మార్చి 3న కొత్త గణతంత్రం ఖిలాఫత్‌ను రద్దు చేసింది. చివరి ఖలీఫా అబ్దుల్ మెజిద్ కుటుంబంతో సహా దేశం విడిచారు. పరాయి దేశంలో ఆయనకు భరణం పంపింది మన హైదరాబాద్ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. 1931లో ఖలీఫా కూతురు దుర్రు షెహవార్ నిజాం పెద్ద కొడుకు ఆజం జాను, అదే వంశానికి చెందిన నీలోఫర్ చిన్న కొడుకు మొజ్జమ్ జాను పెళ్లాడి హైదరాబాద్ వచ్చారు. రోజూ వేలమంది తల్లులు పిల్లల్ని ఎత్తుకుని వెళ్లే నీలోఫర్ ఆసుపత్రి, పాతబస్తీలోని దుర్రు షెహవార్ ఆసుపత్రి వాళ్ల పేర్లవే. ఖలీఫా ఇంటి ఆడపిల్లలిద్దరూ హైదరాబాద్‌లో పరదా పాటించలేదు. వాళ్లను వెళ్లగొట్టిన దేశంలోనే అరవై ఏళ్ల తర్వాత ఒక లెక్చరరు తల కప్పుకున్నందుకు ఉద్యోగం వదులుకోవాల్సి వచ్చింది. ఆ లెక్చరరు ఎవరో కాదు, మెర్వె తల్లి. ఎర్జురుమ్‌లోని అతాతుర్క్ విశ్వవిద్యాలయంలో జర్మన్ సాహిత్యం చెప్పేవారు. 1980 సైనిక తిరుగుబాటు తర్వాత వచ్చిన నిబంధనలు ఆమెను ఇంటికి పంపాయి.

ఖలీఫాను పంపించేసిన రోజునే అంకారా ఇంకో పని కూడా చేసింది. దియానెత్ అనే ప్రభుత్వ శాఖను పెట్టింది. మసీదులు దాని కింద, ఇమాములకు జీతం దాని నుంచి, శుక్రవారం ప్రసంగం దాని కనుసన్నల్లో. 1932 నుంచి 1950 దాకా నమాజు పిలుపును కూడా అరబిక్‌లో కాకుండా టర్కిష్‌లోనే ఇవ్వాలన్నారు. మనం లౌకికత్వం అంటే అన్ని మతాలకూ సమాన దూరమనో సమాన గౌరవమనో వాదులాడుకుంటాం. టర్కీలో లౌకికత్వం అంటే మతం పగ్గాలు రాజ్యం చేతిలో ఉండటం. రాజ్యం మతాన్ని వదిలేయలేదు, తన గుప్పిట్లో పెట్టుకుంది. ఆ గుప్పిలి ఎవరిదైతే మతం వారిది. ఈ సంగతి 1924లో అతాతుర్క్ వెనక నిలిచినవారికి బలంగా కనబడి ఉంటుంది. ఆ గుప్పిలి ఎప్పటికీ తమదే అనుకున్నారు.

ఆ గణతంత్రం ఆడవాళ్లకు ఇచ్చినదాన్ని తక్కువ చేయలేం. 1934లోనే పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేసే హక్కు, పోటీ చేసే హక్కు ఇచ్చింది. ఫ్రాన్స్‌లో ఆడవాళ్లకు అప్పటికి ఓటే లేదు. బహుభార్యాత్వం పోయింది, విడాకుల్లో, ఆస్తిలో సమాన హక్కు వచ్చింది. అంకారా, ఇజ్మీర్‌లలో చదువుకున్న రెండు తరాల ఆడవాళ్లకు లౌకికత్వం అంటే పుస్తకాల్లో మాట కాదు, తమ బతుకు. దాన్ని ఎవరైనా ముట్టుకుంటారేమోనన్న ఆందోళన వాళ్లకు ఎప్పుడూ ఉండేది. కానీ ఆ హక్కుల పుస్తకంలో తల కప్పుకున్న తోటి ఆడవాళ్లకు చోటు లేకుండా పోయింది. పల్లెటూరి అమ్మమ్మ స్కార్ఫ్‌తో ఎవరికీ పేచీ లేదు. ఆఫీసులు ఊడ్చే ఆవిడ తల కప్పుకుంటే ఎవరూ బయటికి పొమ్మనలేదు. ఆమె కూతురు అదే స్కార్ఫ్‌తో మెడికల్ కాలేజీకో పార్లమెంటుకో వస్తేనే రాజ్యానికి ముప్పు వచ్చింది.

మెర్వె అంకారాలో వైద్యవిద్యలో చేరారు. స్కార్ఫ్ తీస్తేనే క్లాసు అన్నారు. తీయలేక చదువు వదిలేశారు. కుటుంబం మొత్తం అమెరికా వెళ్లి టెక్సాస్‌లో స్థిరపడింది. డాలస్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ఆమె కంప్యూటర్ ఇంజనీరింగ్ చదివారు. తర్వాత స్వదేశానికి తిరిగొచ్చి ఎర్బకాన్ పార్టీ మహిళా విభాగంలో పనిచేశారు. ఇంటింటికీ తిరిగి ఓటర్లతో మాట్లాడే ఆ విభాగమే ఆ పార్టీకి అసలు బలం.

ఈలోగా 1997 ఫిబ్రవరి 28 వచ్చింది. జాతీయ భద్రతా మండలిలో సైనికాధికారులు ఎర్బకాన్ ముందు షరతుల జాబితా పెట్టారు. అంతకు కొన్ని వారాల ముందే అంకారా శివారు సింజాన్ వీధుల్లో ట్యాంకులు నడిపించి చూపించారు. జూన్‌లో ఎర్బకాన్ రాజీనామా చేశారు. 1998 జనవరిలో రాజ్యాంగ న్యాయస్థానం ఆయన రెఫా పార్టీని మూసేసింది. అప్పటికే సిద్ధంగా ఉన్న ఫజిలెత్ పార్టీలోకి సభ్యులు మారిపోయారు. అదే ఏడాది విశ్వవిద్యాలయాల్లో స్కార్ఫ్ నిషేధాన్ని గట్టిగా అమలు చేశారు. ఇస్తాంబుల్ మాజీ మేయరు ఒకాయన బహిరంగ సభలో పద్యం చదివిన నేరానికి 1999 మార్చి చివర్లో జైలుకెళ్లారు. మెర్వెను సభలోంచి పంపించేసిన రోజున కూడా ఆయన పినార్‌హిసార్ జైల్లోనే ఉన్నారు. పేరు రెజెప్ తయ్యిప్ ఎర్డోగాన్.

మే 2 తర్వాత జరిగినవన్నీ వేగంగా జరిగాయి. అధ్యక్షుడు సులేమాన్ దెమిరెల్ ఆమెను రెచ్చగొట్టడానికి వచ్చిన ఏజెంటు అన్నారు. మే 7న ప్రధాన ప్రాసిక్యూటరు ఫజిలెత్ పార్టీని మూసేయాలని కేసు వేశారు. ఆమె అనుమతి తీసుకోకుండా అమెరికా పౌరసత్వం పొందారని బయటపడింది. మే 13న మంత్రివర్గం ఆమె టర్కీ పౌరసత్వాన్ని రద్దు చేసింది. సభలోకి అడుగుపెట్టి రెండు వారాలు కాకముందే ఆమె ఆ దేశ పౌరురాలే కాకుండా పోయారు. పౌరసత్వం సంగతి ముందే చెప్పి ఉండాల్సింది, అది ఆమె వైపు లోపమే. కానీ రెండు పాస్‌పోర్టులున్న ఇంకెవరి విషయంలోనైనా మంత్రివర్గం అంత తొందరపడేదని నేను నమ్మను.

2001 జూన్ 22న ఫజిలెత్ పార్టీ కూడా మూతపడింది. ఐదుగురిని ఐదేళ్లపాటు రాజకీయాలకు దూరం పెట్టారు. మెర్వె ఒకరు. ఆమె పక్కన నడిచిన నాజ్లి ఇలిజాక్ ఇంకొకరు. ఇలిజాక్ పార్లమెంటు సభ్యత్వం కూడా పోయింది.

ఆమె ఎందుకు నడిచారు? తండ్రి 1950ల్లో డెమొక్రాట్ పార్టీ ప్రభుత్వంలో మంత్రి. 1960లో సైన్యం ఆ ప్రభుత్వాన్ని కూలదోసి, ఆమె తండ్రిని జైల్లో పెట్టింది. మరుసటి ఏడాది ప్రధాని మెందెరెస్‌ను ఉరితీసింది. తిరుగుబాటు నాటికి ఇలిజాక్ పదిహేనేళ్ల పిల్ల. ఓటు వేసి జనం పంపినవారిని యూనిఫారం వేసుకున్నవారు తీసేయడం ఆమెకు ఇంట్లో జరిగిన సంగతి. ఆమె ఇస్లామిస్టు కాదు. స్కార్ఫ్ కోసం కాదు, స్కార్ఫ్ కట్టుకున్న మనిషి హక్కు కోసం నిలబడ్డారు. ఈ రెంటికీ ఉన్న తేడాను ఆ రోజు సభలో ఎజెవిత్ లాంటి చదువరి కూడా చూడలేకపోయారు.

ఇదే సభలో 1991లో ఇంకో ప్రమాణం కూడా చరిత్రకెక్కింది. కుర్దు సభ్యురాలు లెయ్లా జానా ప్రమాణం పూర్తి చేశాక, అన్నదమ్ముల్లాంటి టర్కు, కుర్దు ప్రజల కోసం చేస్తున్నానని కుర్దిష్‌లో ఒక్క వాక్యం కలిపారు. సభ భగ్గుమంది. మూడేళ్ల తర్వాత ఆమె సభ్యత్వ రక్షణ తీసేశారు, అరెస్టు చేశారు, 15 ఏళ్ల శిక్ష వేశారు. జుట్టు, భాష, రెండూ ఆ రాజ్యానికి ఒకేలా భయం పుట్టించాయి.

కేసులు స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్లాయి. ఆ న్యాయస్థానం కూడా ఒకే దారిలో నడవలేదు. రెఫా పార్టీ మూసివేత సరైనదేనని 2003లో ఏకగ్రీవంగా చెప్పింది. ఇస్తాంబుల్‌లో పరీక్ష రాయనివ్వని వైద్య విద్యార్థిని లెయ్లా షాహిన్ వేసిన కేసులో 2005 నవంబర్ 10న 16-1 తేడాతో టర్కీ వైపు నిలిచింది. లౌకికత్వాన్ని కాపాడే హక్కు రాజ్యానికి ఉందన్నారు. ఒకే ఒక్క జడ్జి, బెల్జియంకు చెందిన ఫ్రాన్సువాజ్ తుల్కెన్స్, ఒప్పుకోలేదు. ఆ విద్యార్థిని ఎవరిని బలవంతపెట్టింది, ఏ అల్లరి చేసింది, ఆధారం ఏదీ అన్నది ఆమె అభ్యంతరం. ఆ పదహారు మంది మాటకంటే ఆ ఒక్కరి మాటే న్యాయమైనదని నా నమ్మకం. రాజ్యం ఒక మనిషిని చదువు నుంచి తోసేసేటప్పుడు ఆ మనిషి చేసిన తప్పును చూపించాలి. ఆమెలాంటి వేషం వేసుకున్న మరెవరో చేసినదాన్ని కాదు.

2007 ఏప్రిల్ 5న మెర్వె కవాక్చి కేసులో, అదే రోజు ఇలిజాక్ కేసులో తీర్పు వచ్చింది. స్వేచ్ఛగా జరిగే ఎన్నికల హక్కును టర్కీ ఉల్లంఘించిందని స్ట్రాస్‌బర్గ్ తేల్చింది. రాజకీయాల నుంచి నిషేధించడం వాళ్లు చేసినదానికి మించిన శిక్ష అని చెప్పింది.

అప్పటికి అంకారాలో కాలం మారిపోయింది. పద్యం చదివి జైలుకెళ్లిన ఎర్డోగాన్ ప్రధాని అయ్యారు. 2007లో అబ్దుల్లా గుల్‌ను అధ్యక్ష పదవికి నిలబెడితే, భార్య స్కార్ఫ్ కట్టుకుంటారన్న కారణంతో లక్షలమంది వీధుల్లోకి వచ్చారు. సైన్యం తన వెబ్‌సైట్‌లో అర్ధరాత్రి హెచ్చరిక పెట్టింది. గుల్ ఆగస్టులో ఎన్నికయ్యారు. మరుసటి ఏడాది విశ్వవిద్యాలయాల్లో స్కార్ఫ్‌ను అనుమతించేందుకు పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరిస్తే రాజ్యాంగ న్యాయస్థానం ఆ సవరణనే కొట్టేసింది. అధికార పార్టీనే మూసేయాలన్న కేసులో 11 మంది జడ్జీల్లో ఆరుగురు మూసేయాలన్నారు. ఏడుగురు కావాలి. ఒక్క ఓటు తేడాతో ఆ పార్టీ బతికింది. ఆ ఒక్క ఓటు తర్వాత ఎర్డోగాన్ ఇక వెనక్కి తిరిగి చూడలేదు.

2013 అక్టోబర్ 31న నలుగురు అధికార పార్టీ మహిళలు స్కార్ఫ్‌లతో పార్లమెంటులోకి వచ్చారు. ఈసారి బల్లలు మోగలేదు. ప్రతిపక్షం తరఫున షఫాక్ పవే మాట్లాడారు. రైలు ప్రమాదంలో ఎడమ చెయ్యి, ఎడమ కాలు పోగొట్టుకుని కృత్రిమ కాలితో నడిచే సభ్యురాలు. 56వ నిబంధనలోని సూటు అంటే స్కర్టే అని అర్థం చెప్పడంతో ఆమె అన్నాళ్లూ ప్యాంటు వేసుకోకుండా సభకు రావాల్సి వచ్చింది. ఆ నిబంధన మారి మహిళలకు ప్యాంటు అనుమతి దొరికింది ఆ రోజు తర్వాత రెండు వారాలకు. స్కార్ఫ్ గురించి మాట లేని అదే నిబంధన, ప్యాంటు గురించీ మాట లేని అదే నిబంధన. ఆ నలుగురికి దక్కిన స్వేచ్ఛ తక్కినవారికి కూడా దక్కాలని పవే అడిగారు. ఆ ఏడాది వేసవిలోనే గేజీ పార్కు నిరసనకారుల మీద పోలీసులు బాష్పవాయువు కురిపించారు. మతాన్ని కించపరిచాడని పియానో కళాకారుడు ఫాజిల్ సాయ్‌కు ట్వీట్ల మీద శిక్ష పడింది (తర్వాత కొట్టేశారు). భక్తిపరులైన తరాన్ని పెంచుతామని అంతకుముందు ఏడాదే ఎర్డోగాన్ ప్రకటించి ఉన్నారు. పిల్లల్ని ఎలా పెంచాలో చెప్పే రాజ్యం పోలేదు. చెప్పే మాట మాత్రమే మారింది. దియానెత్ గుప్పిలి కూడా ఎక్కడికీ పోలేదు. 1924 నాటి గుప్పిట్లోకి వేరే చెయ్యి వచ్చింది, అంతే.

2015 జూన్‌లో మెర్వె చెల్లెలు రవ్జా ఇస్తాంబుల్ నుంచి గెలిచి, అక్క 1999లో కట్టుకున్న ఆ నీలం స్కార్ఫ్‌నే కట్టుకుని ప్రమాణం చేశారు. 2017లో మెర్వెకు పౌరసత్వం తిరిగి ఇచ్చారు. అదే ఏడాది మలేషియాకు రాయబారిగా పంపారు. ఆ అక్కచెల్లెళ్లకు జరిగిన న్యాయం న్యాయమే. అందులో నాకు సందేహం లేదు. 18 ఏళ్లు ఆలస్యమైంది, అంతే.

మరి పక్కన నడిచిన మనిషి?

ఇలిజాక్ చాలాకాలం ఎర్డోగాన్‌ను సమర్థించారు. సైన్యం నీడ తొలగిపోతోందని సంతోషించారు. 2013 డిసెంబర్‌లో మంత్రుల మీద అవినీతి దర్యాప్తు మొదలైనప్పుడు దర్యాప్తు జరగాలన్నారు. ప్రభుత్వానికి దగ్గరగా ఉన్న పత్రిక ఆమెను తీసేసింది. తర్వాత మతబోధకుడు ఫెతుల్లా గులెన్ వర్గానికి దగ్గరైన పత్రికల్లో, చానళ్లలో పనిచేశారు. 2016 జులై 15న సైన్యంలో ఒక భాగం తిరుగుబాటుకు దిగింది. పార్లమెంటు మీద బాంబులు వేసింది. 240 మందికి పైగా పౌరులు, పోలీసులు, సైనికులు ప్రాణాలు కోల్పోయారు. ఆ రాత్రి ట్యాంకులకు ఎదురు నిలిచిన జనానికి దండం పెట్టాలి. కానీ ఆ కుట్ర గులెన్ వర్గానిదేనన్న రాజ్యం తెల్లవారాక పట్టుకున్నది తుపాకులు పట్టినవారిని మాత్రమే కాదు. లక్షమందికి పైగా ఉద్యోగులను అత్యవసర ఉత్తర్వులతో తీసేశారు. తిరుగుబాటుకు ముందు రోజు టీవీ కార్యక్రమంలో మాట్లాడిన మాటల్లో దాగిన సంకేతాలున్నాయన్నారు. ఆ కార్యక్రమం నడిపినవారిలో ఇలిజాక్ ఒకరు. అతిథి నవలాకారుడు అహ్మెత్ అల్తాన్.

ఇలిజాక్‌ను ఇస్తాంబుల్‌లోని బకిర్‌కోయ్ మహిళా జైల్లో పెట్టారు. 2018 ఫిబ్రవరి 16న జీవితాంతం కఠిన ఖైదు వేశారు. అప్పటికి ఆమెకు 73 ఏళ్లు. పైకోర్టు ఆ తీర్పును తిప్పి పంపాక, తిరిగి జరిగిన విచారణలో ఎనిమిదేళ్ల తొమ్మిది నెలల శిక్ష వేసి, 2019 నవంబర్ 4న విడుదల చేశారు. అప్పటికి మూడేళ్లకు పైగా లోపలే గడిచింది.

గులెన్ వర్గం మీద ఆమె పెట్టుకున్న నమ్మకాన్ని నేను సమర్థించను. ఆ వర్గం రాజ్యంలోకి దొంగదారిన చొరబడిందనడానికి ఆధారాలు బోలెడు. కానీ రాయడం, మాట్లాడటం తిరుగుబాటు కాదు. 1999లో స్కార్ఫ్ కట్టుకోవడం తిరుగుబాటు కానట్టే. ఆ రోజు ఒక మనిషి మౌనంగా కుర్చీలో కూర్చుంటే రాజ్యం దాన్ని సవాలు అంది. 2016లో ఇంకో మనిషి స్టూడియోలో కూర్చుని మాట్లాడితే అదే రాజ్యం దాన్ని కుట్ర అంది. ఒక పక్క అతాతుర్క్ పేరు, ఇంకో పక్క అల్లా పేరు. పౌరుడి కంటే రాజ్యమే ముందు అన్న నమ్మకం మాత్రం రెండు పక్కలా ఒకటే.

2022 అక్టోబర్‌లో అతాతుర్క్ స్థాపించిన రిపబ్లికన్ పీపుల్స్ పార్టీ నాయకుడు కెమాల్ కిలిచ్‌దారోలు, స్కార్ఫ్ కట్టుకునే హక్కుకు చట్టంతో రక్షణ ఇద్దామని తానే ముందుకొచ్చారు. తమ పార్టీ గతంలో ఈ విషయంలో తప్పులు చేసిందని కూడా ఒప్పుకున్నారు. ఎర్డోగాన్ బదులుగా రాజ్యాంగ సవరణే చేద్దామన్నారు, దాంతోపాటు కుటుంబం అంటే స్త్రీ, పురుషుడు అనే నిర్వచనాన్నీ జత చేశారు. ఎన్నికలొచ్చాయి, పోయాయి. ఆ సవరణ గట్టెక్కలేదు.

స్ట్రాస్‌బర్గ్ న్యాయస్థానం రికార్డుల్లో ఇలిజాక్ పేరుతో రెండు తీర్పులున్నాయి. ఒకటి 2007 నాటిది, లౌకికత్వం పేరుతో ఆమె పార్లమెంటు స్థానం తీసేసినందుకు. రెండోది 2021 డిసెంబర్ నాటిది, ఆమె స్వేచ్ఛనూ మాట్లాడే హక్కునూ హరించి జైల్లో పెట్టినందుకు. రెండింటిలోనూ గెలిచింది ఆమె. రెండింటిలోనూ ప్రతివాది టర్కీ ప్రభుత్వం.